పంక్తిలో తల్లి చోటు

జ్ఞాపకము మనము కోరి సంపాదించుకొను సొత్తు కాదు; మనకు తెలియని వయసున ఎవరో మన పేర దాచియుంచిన ధనము. పెద్దవారమైన పిమ్మట ఆ పెట్టె తెరచి చూచినచో, పాఠశాలలో వల్లించిన పద్యములకంటెను, పెద్దలు బోధించిన నీతులకంటెను భోజనముల తలపులే అందు హెచ్చుగా కనబడును. కొత్త ఆవకాయ కలిపిన నాడు, జాడి కెత్తగా పళ్లెమున కంటియున్న కారములోనే వేడియన్నము వేసి, మరికొంచెము నూనె పోసి కలిపి, చుట్టును మూగిన పిల్లల చేతులలో అమ్మమ్మ పెట్టిన ముద్దలను మరచిన తెలుగువా రెందరుందురు? వేసవి రాత్రి ఆరుబయట వెన్నెలలో తిన్న పెరుగన్నమును, జ్వరము తగ్గిన నాటి పథ్యపు చారును, నలుబది యేండ్లు గడచినను నాలుక మరువదు. మాట మరచినను రుచి నిలుచును.

అట్టి జ్ఞాపకములు మధురములని అందరు నంగీకరింతురు. కాని మధురమైనదెల్ల మంచిది కాదు గదా. బిడ్డలకు మంచి తలపులు మిగిల్చిన తల్లిదండ్రులు తమ ఋణమును తీర్చుకొనినట్లేనా? లేక ఆ తలపులతోపాటు మరియేదైన వారి మనసులలోనికి ప్రవేశించుచున్నదా? ఈ ప్రశ్నను చదువరులతో కలిసి కొంచెము ఆలోచింపదలచితిని.

మన తార్కికులు జ్ఞాపకమునకు ఒక చక్కని లక్షణము చెప్పిరి. అనుభవము మనసున విడిచిపోవు ముద్రను వారు సంస్కార మనిరి. కేవలము ఆ సంస్కారమువలన పుట్టు జ్ఞానమే స్మృతి యని తర్కసంగ్రహకారుడైన అన్నంభట్టు నిర్వచించెను. ధర్మశాస్త్రజ్ఞులు అదే మాటను వేరొక యర్థమున వాడిరి. అన్నప్రాశనము, ఉపనయనము, వివాహము మొదలగు కర్మలు వారికి సంస్కారములు. మనవారు సంఘమును బాగుచేయు పనికి పెట్టుకొనిన సంస్కరణమను పేరును ఆ వంశములోనిదే. ఈ మూడర్థములును ఒకే మాటలో కూడుట వింతగా తోచవచ్చును గాని, భోజనపు పంక్తిలో ఈ మూడును నిజముగా ఒక్కచోటనే కూడుచున్నవి. బిడ్డ ఆరవ నెలలో తినిన మొదటి ముద్ద శాస్త్రోక్తమైన సంస్కారము. తరువాత ప్రతి పూట తినినది మనసున ముద్రపడు సంస్కారము. ఆ ముద్ర వంకరగా పడినచో దానిని దిద్దుట సంస్కరణము. ఆధునిక శాస్త్రజ్ఞులును దీనికి సాక్ష్య మిచ్చుచున్నారు. వాసనను గ్రహించు నాడులు మెదడులో భావోద్రేకమునకును స్మృతికిని స్థానములైన భాగములతో మిక్కిలి సమీపసంబంధము కలవి. అందుచేతనే పోపు వాసన యొక్కటి చాలు, గడచిన బాల్యమంతయు కన్నులయెదుట నిలుచుటకు.

కావున ఇంటి భోజనము పొట్టకు కూడు పెట్టుటతో ముగిసిపోవు వ్యవహారము కాదు. అది ఒక పాఠశాల. మా పాఠశాలలకు పాఠ్యప్రణాళిక యుండును, పరీక్ష యుండును. మరచిపోవుట కవకాశమును ఉండును. ఆ పాఠశాలకు ఇవి యేవియు లేవు. అచ్చట నేర్చినది మరచుట దుర్లభము.

నేటి కాలమున ఈ పాఠశాల తెరచియుండు దినములు తగ్గినవి. తండ్రి యుద్యోగము, తల్లి యుద్యోగము, పిల్లల బస్సు, సాయంకాలపు ట్యూషను అను నాలుగు గడియారముల నడుమ వారము దినములలో ఒక్కొక్కరు ఒక్కొక్క వేళ తినుచున్నారు. అందరును ఒకచోట చేరునది సెలవునాడే. కొందరికి ప్రతి శనివారమును సెలవే. మావంటి బడిపంతుళ్ల కుటుంబములకు మాత్రము రెండవ శనివారము ఆదివారముతో కలిసివచ్చినప్పుడే రెండు పూర్తి దినములు దొరకును. బొంబాయి మిల్లు కూలీలకు ఆదివారపు విశ్రాంతి ఊరక రాలేదు. జ్యోతిరావు ఫూలే యనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే యేండ్ల తరబడి ఆందోళనము చేయగా 1890లో వారికి లభించెను. ఆరు దినములు యంత్రముల నడుమ నలిగిన మనుష్యుడు ఏడవనాడు మనుష్యుడుగా నుండవలెనని ఆ మహనీయుని వాదము.

ఆ వాదమును మన వంటయింటి గుమ్మము దాటించి లోనికి తీసికొనిపోయి చూతము. సెలవనగా ఇంటిలో తక్కినవారికి పని తగ్గుట. ఇల్లాలికి పని రెట్టింపగుట. ఆదివారము ఉదయము ఇడ్డెనలు చాలవు, దోసెలు కావలెను. దోసె యొక్కొక్కటిగా పోయవలసినదే గాని ఒక్క వాయిలో దిగునది కాదు. కావున తక్కినవారందరు తిని లేచువరకు ఆమె పెనము నొద్దనే యుండును. మధ్యాహ్నమునకు ముద్దపప్పు, పులుసు, వేపుడు, అప్పడములు. మాంసము తినువా రిండ్లలో కోడికూర. "వేడివేడిగా వడ్డించుము" అని పంక్తిలోనివారు కోరుదురు. అందరి వేడియు ఆమె చల్లదనముచేత సమకూరవలసినదే. చివరకు మారడుగువారెవరు లేరని నిశ్చయమైన పిమ్మట, మిగిలిన కూరతో, చల్లారిన అన్నముతో, ఆమె కూర్చుండును. అప్పటికి తక్కినవారు నిద్రకో, సెల్‌ఫోనులకో చేరియుందురు.

ఇక మన బాల్యమును మరల తలచుకొందము. ఆ చిత్రములో ఏమి కనబడును? నేతిగిన్నె పట్టుకొనిన అమ్మ చేయి కనబడును. "ఇంకొక ముద్ద" అను అమ్మ గొంతు వినబడును. కాని అమ్మ విస్తరి కనబడదు. అమ్మ ఏమి తినెనో, ఎప్పుడు తినెనో, ఎంత తినెనో ఆ చిత్రములో లేదు. ఇది జ్ఞాపకశక్తి లోపము కాదు. ఆమె విస్తరి మన పంక్తిలో లేనే లేదు. లేనిదానికి ముద్ర యెట్లు పడును?

ఒకప్పుడు తొమ్మిదవ తరగతివారికి "ఆదివారము మా యింట" అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పితిని. ఏమి వండిరో, ఎవరు చుట్టపుచూపుగా వచ్చిరో, ఏ సినిమా చూచిరో అందరును ఉత్సాహముతో వ్రాసిరి. ఒక బాలిక మాత్రము చివరి రెండు వాక్యములు ఇట్లు వ్రాసినది: "అందరము తిన్నాక మా అమ్మ వేపుడు చేసిన మూకుటిలో అన్నము కలుపుకొని తినును. అదియే అన్నిటికంటె రుచి యనును. నిజమో కాదో నాకు తెలియదు." మూకుటియన్నము రుచియే; మన ఇండ్లలో దానికై పిల్లలు పోట్లాడుకొనుటయు కద్దు. కాని ఆ బాలిక సందేహము రుచినిగూర్చి కాదు. తల్లి చెప్పినది తృప్తియా, ఓదార్పా యని ఆమె ప్రశ్న. పదునాలుగేండ్ల పిల్ల తానే యడిగికొనిన ఈ ప్రశ్నను విద్యాధికులమైన మనము అడుగకుండుట తగునా?

ఇది కేవలము భావుకుల దుఃఖమని త్రోసివేయుట కవకాశము లేదు. కేంద్రప్రభుత్వమువారు 2019లో జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఆరేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81.2 మంది జీతము లేని ఇంటిపనులు చేయుచుండగా, పురుషులలో నూటికి 26.1 మంది మాత్రమే చేయుచున్నట్లు తేలెను. చేయువారిలోను దినమునకు స్త్రీ వెచ్చించునది 299 నిమిషములు, పురుషుడు వెచ్చించునది 97. మరల 2024లో లెక్కించినప్పుడు అవి 289, 88 నిమిషము లయ్యెను. అనగా ఇరువురి నడుమనున్న యంతరము 202 నుండి 201కి దిగినది. ఐదేండ్లలో మనము సాధించిన సమానత్వము ఒక్క నిమిషము! ఇక ఆరోగ్యము సంగతి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6, దేశమంతట 57. అదే వయసు పురుషులలో దేశమున నూటికి 25. ఈ భేదమునకు శరీరధర్మములు మొదలగు కారణములు అనేకములు గలవు. భోజనక్రమ మొక్కటే కారణమని చెప్పుట సాహసము. అయినను, శరీరధర్మముచేత రక్తము ఎక్కువ కావలసినవారికే కూర అడుగున మిగిలినది పెట్టుట ఏ వైద్యశాస్త్రమునకు సమ్మతము?

"ఇది మన పూర్వాచారము, శాస్త్రసమ్మతము" అని కొందరందురు. శాస్త్రమునే చూతము. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున భార్యతో కూడి భుజింపరాదను నిషేధ మున్నమాట నిజము. కాని మూడవ యధ్యాయమున, కొత్తగా వచ్చిన కోడండ్రకును, బాలికలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటె ముందుగనే విచారింపక అన్నము పెట్టవలెనని చెప్పబడియున్నది. అతిథులు, బంధువులు, సేవకులు భుజించిన తరువాత మిగిలినది భార్యాభర్త లిరువురును తినవలెననియు అచ్చటనే కలదు. మనము చేసిన పని యేమి? కోడలికి ముందు పెట్టవలెనను విధిని మరచితిమి. గృహస్థుడును చివరనే తినవలెనను విధిని మరచితిమి. చివరి విస్తరిని మాత్రము ఇల్లాలికి ఉంచితిమి. తనకు కష్టమైన విధులను విడిచి, పరులకు కష్టమైన వానిని పట్టుకొనుట శాస్త్రభక్తి యనిపించుకొనదు. అంతేకాదు, అన్నమును పంచుకొనక తానొక్కడే భుజించువానిని నిందించు సూక్తము ఋగ్వేదము పదవ మండలమున నున్నది. ఒంటరిగా తినుటయే పాపమైనప్పుడు, ఒకరిని దినదినమును ఒంటరిగా తినునట్లు చేయుట మరియేమగును?

ఇంతకంటె బలమైన యాక్షేపణ మరొకటి కలదు. అది స్త్రీలే చేయుదురు. "నా బిడ్డలకు నేను వడ్డించి, వారు తినుచుండగా చూచుట నా కానందము. దానిని మీరు దాస్య మనుచున్నారా?" అని వారడుగుదురు. ఈ మాటను తేలికగా కొట్టివేయు సంస్కర్త సంస్కర్త కాడు. పెట్టుటలోని యానందము తినుటలోని యానందముకంటె పెద్దది. మన సీమలో డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరమున వేళగానివేళ వచ్చిన బాటసారులకు వండి పెట్టి, ఆ పుణ్యముచేతనే చిరస్మరణీయురాలయ్యెను. ఆమెను దాసి యనువా డెవడు?

కాని త్యాగమునకును అలవాటునకును భేదము కలదు. త్యాగము చేయుటకు, చేయకుండుటకును స్వేచ్ఛ యుండవలెను. దీనిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యున్నది. ఒక ఆదివారము ఆ ఇల్లాలు "నాకు ఆకలి వేయుచున్నది, నేను ముందు తిందును" అని కూర్చున్నచో ఇంటిలో ఏమి జరుగును? భర్త చిరునవ్వుతో గరిటె అందుకొనినచో, నిన్నటివరకు ఆమె చేసినది ప్రేమయే. అత్తగారి కనుబొమలు ముడివడి, పిల్లలు వింతగా చూచి, ఆమెకే ముద్ద గొంతు దిగనిచో, అది ప్రేమయను పేరు పెట్టుకొనిన కట్టుబాటు. మరియొక పరీక్ష: పెట్టుట అంత యానందకరమైనచో, ఆ యానందమును తండ్రులకును కుమారులకును ఎందుకు పంచి యియ్యరాదు? ఉత్తమమైన సుఖమును ఒక్కరికే యుంచుట న్యాయము కాదు గదా!

"మా నాయనమ్మ యందరికంటె కడపట తినెను, ఎంతో సంతోషముగా నుండెను, నాకు బాగుగా జ్ఞాపకము" అనువారును కలరు. ఇచ్చట జ్ఞాపకము యొక్క స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్టు 1932లో ప్రకటించిన గ్రంథమున, మనము తలచుకొనునది దాచియుంచిన ఛాయాపటము వంటిది కాదనియు, తలచిన ప్రతిసారియు మన నేటి భావములతో మరల కట్టుకొనునదనియు నిరూపించెను. బిడ్డ కంటికి నాయనమ్మ ముఖము ఎప్పుడును నవ్వుచునే కనబడును; ఏలయన బిడ్డ ముందు ఆమె నవ్వును గనుక. ఆ నవ్వు అబద్ధమని నేననుట లేదు. దానిని బట్టి ఆమె ఆకలిని లెక్కగట్టవలదని మాత్రమే మనవి. మన పెద్దల ప్రేమను గౌరవించుటకు వారి కష్టమును సమర్థింపవలసిన పని లేదు.

ఇట్టి పంక్తిలో పిల్లలు నేర్చుకొనునదేమి? కుమారుడు, తన తృప్తికై ఒకరు వేచియుండుట ప్రకృతిధర్మమని నేర్చుకొనును. కుమార్తె, వేచియుండువారు తామేయని నేర్చుకొనును. ఎవరును ఈ పాఠము చెప్పరు, చెప్పినచో ప్రశ్నింపవచ్చును. కోడికూరలో మంచి ముక్క, మీగడ గట్టిగానున్న పెరుగు, రెండవ గ్రుడ్డు ఎవరి కంచములో పడుచున్నవో చూచి నేర్చుకొందురు. ఒకే పంక్తిలో ఒకరికి ఒక రీతిగా, వేరొకరికి వేరొక రీతిగా వడ్డించుట పంక్తిభేదమనియు, అది మహాపాపమనియు మన పెద్దలు చెప్పిరి. పెండ్లివిందులలో ఈ పాపమునకు భయపడు మనము ఇంటిలో నిర్భయముగా చేయుచున్నాము. కొందరిని పంక్తిలోనికే రానీయకుండుట పంక్తిభేదములలోనెల్ల పెద్దది.

ఈ మాట తల్లితో ముగియదు. ఇంటిలో అంట్లు తోమి, ఇల్లూడ్చు పనిమనిషికి కొన్ని ఇండ్లలో నేటికిని వేరుగా ఒక గ్లాసు, వేరుగా ఒక పళ్లెము కలవు. సెలవునాడు పిల్లలు ఇంటనే యుందురు గనుక దానిని శ్రద్ధగా చూతురు. 12వ శతాబ్దిలో పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు సాగించెనని పలనాటి వీరగాథలు పాడుచున్నవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, ఆ పక్షమువారితో కలిసి భుజించినవారిని వెలివేయుదుమని బెదరించుట ప్రతిపక్షుల యాయుధములలో నొకటి. సంఘమునకు పంక్తి యెంత ముఖ్యమో మిత్రులకును శత్రువులకును సమముగా తెలియును. తెలియనిది మనకే.

ఇట్లు విచారించినచో రెండు చిన్న విషయములు అర్థమగును. మొదటిది: సెలవునాడు హోటలుకు పోదమన్నచో ఇల్లాలు ఏల సంతోషించునో. ఇంటి వంటకంటె హోటలు వంట మంచిదని కాదు. అచ్చట ఆమెయు పంక్తిలో కూర్చుండును. ఆమె ముందును పొగలు గ్రక్కు పళ్లెము వచ్చును. ఎవరికి మారు కావలెనో చూచు బాధ్యత వేరొకరిది. రెండవది మా పాఠశాలలకు సంబంధించినది. పిల్లలకు బడిలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థాన మాజ్ఞాపింపగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరి నుండి అది యమలులోనికి వచ్చెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. అచ్చట బాలబాలిక లొకే వేళ, ఒకే వరుసలో, ఒకే కూర తినుచున్నారు. పగలు ఈ పంక్తిలో కూర్చున్న బిడ్డ రాత్రి ఇంటిలో మరియొక పంక్తిని చూచును. ఏది సరియైనదో యెవరు చెప్పవలెను?

ఏమి చేయవలెనని చదువరు లడుగవచ్చును. గొప్ప యుద్యమము లక్కరలేదు. వండిన గిన్నెలన్నియు నడుమ పెట్టుకొని, అందరు నొక్కమారే కూర్చుండి, ఎవరికి వారు వడ్డించుకొనుట మొదటి మెట్టు. దోసెల దినమున వంటలు రెండు తగ్గించుకొనుట, పెనము నొద్ద వంతులు వేసికొనుట రెండవది. తిన్న కంచమును ఎవరికి వారు కడుగుకొనుట మూడవది. దీనియందు కుమారునికి మినహాయింపు పనికిరాదు. ఇల్లాలికి నచ్చిన కూర ఏదియో కనుగొని, సెలవులలో ఒకనాడైన దానిని వండుట నాలుగవది. ఈ నాలుగవది మిక్కిలి కష్టము. ఏలయన తన కేది యిష్టమో ఆమెయే మరచిపోయి యుండవచ్చును.

తండ్రుల కొక హెచ్చరిక. నెలకొక యాదివారము వంటయింట ప్రవేశించి, ఉన్న గిన్నెలన్నిటిని మసిచేసి, పసుపు డబ్బా యెక్కడ, జీలకర్ర యెక్కడ అని నిమిషమునకొకమారు భార్యను పిలిచి, ఒక్క పులావు వండి, దాని ఛాయాచిత్రమును బంధువుల కందరికి పంపి, అంట్లు ఆమెకు విడిచిపెట్టు వీరులు నేడు బయలుదేరినారు. అట్టి వంట సంస్కరణము కాదు, ఉత్సవము. ఉత్సవము వలన దేవునికి అలసట తప్ప వేరు ప్రయోజనము కలుగదు. పొయ్యి వెలిగించినవాడు పొయ్యిగట్టు తుడుచువరకు ఉండవలెను.

మరణించిన తల్లికి మనము ఏటేట ఆబ్దికము పెట్టుచున్నాము. ఆమె కిష్టమైన కూర లివియని జ్ఞాపకము చేసికొని వండింతుము. ఆమె పేర వేసిన విస్తరిలో అన్నీ వేడిగానే వడ్డింతుము. ఆ శ్రద్ధను నిందింపను; కృతజ్ఞత యెప్పుడైనను కృతజ్ఞతయే. కాని ఆ విస్తరి బ్రతికియున్న నాడే పంక్తిలో పడియున్నచో, ఆమె తినియుండెడిది, మనము చూచియుండెడివారము, మన బిడ్డలు దానిని జ్ఞాపకముంచుకొనియుండెడివారు. బిడ్డలకు మధురమైన స్మృతులను మిగుల్చుడని నేటి గ్రంథములెల్ల బోధించుచున్నవి. తప్పక మిగుల్చుదము. అయితే పెద్దవారైన పిమ్మట వారు ఆ స్మృతిని ఏ మూల పరికించినను సిగ్గుపడవలసిన యవసరము లేకుండునట్లు మిగుల్చుట తల్లిదండ్రుల ధర్మము. వచ్చు సెలవునాడు పంక్తి తీర్చునప్పుడు ఇంటిలో నున్న మనుష్యుల నొకమారు లెక్కించి, అన్ని విస్తళ్లు వేయుదురు గాక.